పన్నెండు సిట్టింగుల రసీదు

మా ఇంట్లో తగువులకి ఆదివారం పొద్దుటిపూటే మంచి ముహూర్తం. మా తమ్ముడు కాకినాడలోనే, మాకు రెండు వీధుల అవతల ఉంటాడు. ఎనిమిదింటికల్లా పేపరు చంకన పెట్టుకుని వచ్చేస్తాడు, గారెలు తినేదాకా కదలడు. ప్రభుత్వాసుపత్రి ల్యాబులో ముప్ఫయ్యేళ్ళు మైక్రోస్కోపు మీదికి వంగి వంగి మెడ అరగ్గొట్టుకున్న మనిషి. మా ఆయన బ్యాంకులో చేసి దిగిపోయారు. అంకెలంటే ఇద్దరికీ పిచ్చే. కాకపోతే ఆయన అంకె కనిపిస్తే నమ్ముతారు, వీడు అంకె కనిపిస్తే అనుమానిస్తాడు.

ఆ ఆదివారం తగువు ఫ్రిజ్ మీద అతికించిన ఒక రసీదు గురించి. పన్నెండు సిట్టింగులు, వారానికి రెండు చొప్పున ఆరు వారాలు. పైన ఆకుపచ్చ అక్షరాల్లో ‘ఇమ్యూనిటీ బూస్ట్ మసాజ్’. పెరట్లో నీళ్ళు పోసే మామ్మ ముక్కాలిపీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద మా మనవరాలిని పడుకోబెట్టి నూనె రాస్తోంది. పిల్ల నెల ముందే తొందరపడి పుట్టింది, ఇప్పుడు మూడో నెల. నేను నానిన మినప్పప్పు పొట్టు తీస్తున్నాను. ఎవరి పక్షమూ మాట్లాడనని ముందే చెప్పాను. ఆ మాట మీద ఎంతసేపు నిలబడ్డానో మీరే చూద్దురు గాని.

ఆయన: చూడవోయ్, గాలి కబుర్లు విని డబ్బు కట్టలేదు నేను. 2010లో లాస్ ఏంజిలిస్‌లో సీడర్స్ సైనాయ్ ఆసుపత్రి వాళ్ళు రక్తం తీసి మరీ చూశారు. మార్క్ రాపపోర్ట్ అని సైకియాట్రీ డాక్టరు. ఏ జబ్బూ లేని వాళ్ళని 53 మందిని పిలిచి, కొందరికి ముప్పావుగంట స్వీడిష్ మసాజ్ చేయించాడు. మిగిలిన వాళ్ళకి అంతసేపూ ఊరికే తేలిగ్గా నిమిరించాడు. మసాజ్ చేయించుకున్న వాళ్ళలో లింఫోసైట్లనే తెల్లకణాలు పెరిగాయి. వాసోప్రెసిన్ అనే హార్మోను తగ్గింది, కార్టిసాల్ కూడా కాస్త తగ్గింది. ఇంకేం కావాలి?

తమ్ముడు: మీరు వాట్సాప్‌లో పంపారుగా బావగారూ, రాత్రి చదివాను. మంచి ప్రయోగమే. ఊరికే నిమిరిన వాళ్ళని కూడా పక్కన పెట్టి పోల్చారంటే శ్రద్ధగల మనిషే. ఒక్క మాట చెప్పండి, రక్తం ఎప్పుడు తీశారు?

ఆయన: మసాజ్ అవగానే మొదలుపెట్టి, గంటదాకా పలుమార్లు.

తమ్ముడు: ఆ గంటలో కొత్త సైన్యం పుట్టదండి. ఉన్నవాళ్ళే బ్యారక్కుల్లోంచి రోడ్డు మీదికొచ్చారు. నాకిది పుస్తకంలో చదివిన విషయం కాదు. మా ల్యాబు మేడ మీద ఉండేది. లిఫ్టు పనిచేయని రోజు మెట్లెక్కి రొప్పుతూ వచ్చినవాడికి వెంటనే సూది గుచ్చితే తెల్లకణాల లెక్క పైకి చూపించేది. పది నిమిషాలు కూర్చోబెట్టి తీస్తే దిగేది. గుక్కపెట్టి ఏడ్చిన పిల్లలకీ అంతే. రక్తనాళాల గోడల్ని అంటిపెట్టుకుని కూర్చున్న కణాలు రక్తం జోరుకి, అడ్రినలిన్‌కి ఊడి ప్రవాహంలో పడతాయి. ఏడిస్తే ఇమ్యూనిటీ పెరుగుతుందని పిల్లల్ని గిల్లుతామా?

ఆయన: ఏడుపూ మసాజూ ఒకటేనా! ఏడిస్తే కార్టిసాల్ పెరుగుతుంది, ఇక్కడ తగ్గింది.

ఈ దెబ్బ మావాడికి తగిలింది. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత వాడికి ఇష్టమైన కథ ఎత్తుకున్నాడు. మేం పదిసార్లు విన్నదే గానీ, ఈసారి మాత్రం కథకి పని దొరికింది.

తమ్ముడు: ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బోదకాలు సర్వేకి కోనసీమ ఊళ్ళ మీద వేసేవారు మమ్మల్ని. రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఇంటింటికీ పోయి, నిద్దర్లోంచి లేపి, వేలికి సూది గుచ్చి స్లైడు మీద మూడు గీతలు గీసేవాళ్ళం. తిట్లకి లెక్కలేదు. ఒక ముసలమ్మ చేట ఎత్తింది నా మీద. పగలే ఎందుకు పోకూడదూ? పగలు అదే మనిషి వేలి నుంచి తీస్తే స్లైడులో ఏమీ ఉండదు, తుడిచినట్టుంటుంది. అర్ధరాత్రి తీస్తే దారప్పోగుల్లా మెలికలు తిరిగిన పిల్లపురుగులు నాలుగు కనిపిస్తాయి. మరి పగలు చచ్చిపోయాయా? ఊపిరితిత్తుల సన్నటి నాళాల్లో దాక్కున్నాయి. దోమ కుట్టే వేళకి చర్మం దగ్గరికొచ్చాయి. మనిషి మారలేదు, రోగం మారలేదు, వేలి చివర లెక్క మారింది. తెల్లకణాల కథా అదే బావగారూ. మన ఒంట్లో ఉన్న లింఫోసైట్లలో ఏ సమయానికైనా రక్తంలో తిరిగేవి నూటికి సుమారు రెండు. మిగిలినవన్నీ ప్లీహంలో, లింఫు బిళ్ళల్లో, పేగుల్లో, ఎముకల మూలుగలో. ఆ రెండూ మూడైతే, ఒంటి మొత్తంలో పెరిగినట్టా, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వచ్చినట్టా?

ఆయన: సరే, నీ మాటే ఒప్పుకుంటాను. గదిలో గురకపెడుతున్న వాచ్‌మన్ లేచి గేటు దగ్గరికొచ్చాడు. దొంగ వచ్చేది గేటు దగ్గరికేగా? నేను కొత్త వాచ్‌మన్‌ని వేయమనలేదు, ఉన్నవాణ్ణి లేపమన్నాను.

నాకు నవ్వాగలేదు. ఉన్నమాట చెప్పాలంటే ఆయన విసిరిన బంతి చిన్నదేం కాదు. కణాలు తిరగడమే వాటి ఉద్యోగం. తిరిగితేనే ఎక్కడేం జరుగుతోందో వాటికి తెలుస్తుంది. మావాడు కూడా తల ఊపాడు, కానీ ఒదలలేదు.

తమ్ముడు: గేటు దగ్గరికొచ్చాడు, ఒప్పుకున్నాను. దొంగని పట్టాడా? మసాజ్ చేయించుకున్నవాళ్ళకి జలుబులు తగ్గాయనో, జ్వరాలు తగ్గాయనో ఆ ప్రయోగంలో చూడలేదు. ఆ ప్రశ్నే వేయలేదు. అది రాపపోర్ట్ తప్పు కాదు. ఆయన చెప్పినదాన్ని బోర్డు మీద ఎక్కించినవాళ్ళది. పైగా ఆయనే 2012లో ఇంకోటి చేశాడు, అది మీకు ఎవరూ పంపినట్టు లేదు. అయిదు వారాలు, కొందరికి వారానికి ఒకసారి, కొందరికి రెండుసార్లు. ఒకసారి చేయించుకున్న వాళ్ళలో కణాలు మీరు చెప్పినట్టే పెరిగాయి గానీ హార్మోన్లు పెద్దగా కదల్లేదు. రెండుసార్లు చేయించుకున్న వాళ్ళలో ఆక్సిటోసిన్ పెరిగింది, కార్టిసాల్ తగ్గింది, కణాలు మాత్రం కదల్లేదు. పైగా వాపు పుట్టించే సైటోకైన్లు కొన్ని కాస్త పెరిగాయి. ఇప్పుడు మీ రసీదు చూడండి. వారానికి ఎన్నిసార్లు?

ఆయన రసీదు వైపు చూడలేదు. గోడ మీద క్యాలెండరు చూశారు.

ఆయన: అది చిన్న ప్రయోగం. నలభై, యాభై మందితో ఏం తేలుతుంది?

తమ్ముడు: అదే నేను చెప్పేది. మొదటిదీ అంతేగా!

ఆయన: ఒరే, లింఫు సంగతి చెప్పు. నీ చదువులోదే. రక్తానికి గుండె ఉంది, లింఫుకి గుండె లేదు. కండరాలు కదిలితే బాగా కదులుతుంది. అక్కడక్కడ తలుపులు, ఒకవైపుకే తెరుచుకుంటాయి. కాళ్ళ నుంచి పైకెక్కి, మెడ కింద జత్రుక దగ్గర పెద్ద సిరలో కలుస్తుంది. దారిలో బిళ్ళల్లోనే క్రిముల తనిఖీ. పాదం నుంచి తొడ దాకా పైకి రుద్దితే ఆ ప్రయాణానికి సాయం కాదూ? డెన్మార్కు వాడు ఎమిల్ వాడర్ 1930ల్లోనే దీనికో పద్ధతి కట్టాడు.

తమ్ముడు: నూటికి నూరు పాళ్ళూ నిజం. వాడర్ పద్ధతి ఇవాళ్టికీ రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవాళ్ళకి చేస్తున్నారు. కానీ అది మీ సెంటరులో పిసికే పిసుకుడు కాదు, చర్మాన్ని నెమలీకతో జరిపినంత తేలిక. ఇక బాగున్న కాళ్ళకి లింఫు కదలాలంటే, బస్టాండు దాకా నడిచి రండి. పిక్క కండరం చేసే పంపు పని ఏ చెయ్యీ చేయలేదు, రసీదు కూడా ఇవ్వదు.

ఇక్కడ మావాడి గొంతు మారింది. బోదకాలు వార్డు గుర్తొచ్చినప్పుడు వాడు వాదించడు, చెప్పుకుపోతాడు. ఆ జబ్బులో లింఫు నాళాలే చెడిపోతాయి. నీరు దిగదు, కాలు ఏనుగు కాలవుతుంది. వేళ్ళ సందుల్లో ఒరుసుకుపోయిన చోట క్రిములు దూరితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది, దుప్పట్లు నాలుగు కప్పినా ఆగని చలిజ్వరం. ఆ జ్వరంలో కాలు రుద్దించుకుని ఇంకా ముదరబెట్టుకున్నవాళ్ళని చూశాట్ట. వాళ్ళకి మేలు చేసిందేమిటంటే సబ్బూ నీళ్ళూ. రోజూ కాలు కడుక్కోవడం, వేళ్ళ సందులు పొడిగుడ్డతో అద్దుకోవడం, రాత్రి కాలు ఎత్తులో పెట్టుకోవడం. రోజూ ఇది చేసినవాళ్ళకి ఆ జ్వరాలు తగ్గాయి.

తమ్ముడు: మిమ్మల్ని పడుకోబెట్టే ముందు సెంటరు వాళ్ళు ఏమడిగారు? ఒక్క కాలే వాచిందా, పిక్క నొప్పిగా ఉందా అని అడిగారా? సిరలో గడ్డ ఉంటే రుద్దుడికి ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం ఉందా అనడిగారా? రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారా అన్నారా?

ఆయన: కార్డా, క్యాషా అనడిగారు.

తమ్ముడు: అష్టాంగహృదయం మీ అల్మారాలోనే ఉందిగా. రోజూ అభ్యంగనం చేసుకోమని వాగ్భటుడు చెప్పాడని మీరు అందరికీ చెబుతారు. తల, చెవులు, పాదాలు మరిచిపోవద్దన్నాడని కూడా చెబుతారు. దాని వెనకే కఫం ముదిరినవాడికీ, అజీర్ణం ఉన్నవాడికీ వద్దన్నాడు. అది మాత్రం చెప్పరు.

మా ఆయన అప్పుడు తెలివైన పని చేశారు. నన్ను సాక్షిగా లాగారు.

ఆయన: మీ అక్కని అడుగు, రోజూ రాత్రి తన వేళ్ళకి నూనె రాసేదెవరో.

తమ్ముడు: అక్కనే అడుగుదాం. అక్కా, నీ వేళ్ళకి ఇమ్యూనిటీ తక్కువా, ఎక్కువా?

చెప్పక తప్పలేదు. నాకు ఏడేళ్ళుగా కీళ్ళవాతం, రుమటాయిడ్ అంటారే, అది. ఒంటిని కాపాడాల్సిన కణాలే నా కణుపుల మీద పడ్డాయి. పొద్దున్న లేచాక గంటసేపు పిడికిలి మూసుకోదు, ఫిల్టరు మూత తిప్పడానికి ఇంకొకర్ని పిలవాలి. ప్రతి మంగళవారం మింగే మెథోట్రెక్సేట్ మాత్ర ఆ ఇమ్యూనిటీని అణచడానికే. అందుకే ‘బూస్ట్’ అన్న మాట వింటే నాకు చిన్న వణుకు. నాలో ఉన్నది పెంచితే నా గతేం కావాలి? తుమ్ములూ ఆస్తమా ఉన్నవాళ్ళ గతేం కావాలి? అది ట్యాంకులో నీళ్ళు కాదు నింపుకోవడానికి. ఎక్కడ లేవాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలిసి ఉండాల్సిన పోలీసు. ఇంతవరకూ తమ్ముడి పక్షం.

ఇక రెండో సగం. రాత్రి తొమ్మిదిన్నరకి ఆయన నువ్వులనూనె గిన్నె వేడినీళ్ళలో పెట్టి వెచ్చచేసి, ఒక్కొక్క వేలే మొదలు నుంచి గోరు దాకా రాస్తారు. గట్టిగా నొక్కరు. వాచిన కణుపు దగ్గర చెయ్యి తేలిక చేస్తారు. పదిహేను నిమిషాలు. టీవీలో వార్తలు చూస్తూ రాస్తారు, అందులో ప్రేమకథేం లేదు. కానీ రాసిన రాత్రి నేను ఆరేడు గంటలు పడుకుంటాను, రాయని రాత్రి మూడింటికే లేచి కూర్చుంటాను. వాపు తగ్గిందని చెప్పను. నా రక్త పరీక్షలూ అలా చెప్పలేదు. నిద్ర వచ్చిందని మాత్రం చెబుతాను.

ఆయన: విన్నావా? ఇప్పుడు ఆ నిద్ర పట్టుకుని నేనొస్తున్నాను కాసుకో. పిట్స్‌బర్గులో షెల్డన్ కోహెన్ అని ఒకాయన ఉన్నాడు. నీకు కావలసింది జలుబు లెక్కేగా? ఆయన చేసింది అదే. 153 మంది ఎన్ని గంటలు నిద్రపోతున్నారో రెండు వారాలు రాసుకుని, తర్వాత ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేశాడు. ఏడు గంటలకి తక్కువ పడుకునే వాళ్ళకి, ఎనిమిదో అంతకంటే ఎక్కువో పడుకునే వాళ్ళ కంటే జలుబు పట్టే అవకాశం దాదాపు మూడింతలు. ఇది 2009 సంగతి. తర్వాత 2015లో 404 మందికి రోజూ సాయంత్రం ఫోన్ చేయించి, ఇవాళ ఎవరితోనైనా తగువు పడ్డారా, ఎవరైనా కౌగిలించుకున్నారా అని పద్నాలుగు రోజులు అడిగించాడు. ఆ తర్వాత వైరస్ చుక్కలు. తగువుల్లో ఉన్నా, దగ్గరికి తీసుకునే మనుషులున్న వాళ్ళకి ఆ తగువుల వల్ల రోగం అంటుకునే ముప్పు తగ్గింది. ఇక్కడ దొంగని పట్టారా లేదా?

మావాడు అంత తేలిగ్గా ఓడడు. కానీ నిజం కనబడితే దాచడు కూడా.

తమ్ముడు: పట్టారు. కోహెన్ లెక్క గట్టిది. అయితే బావగారూ, మీరు దారి మార్చారు. కణాల సంఖ్యతో బయల్దేరి నిద్రకీ, మనుషులకీ వచ్చారు. నేను కాదనేది మొదటిదాన్నే. క్రిస్టఫర్ మోయర్ అని సైకాలజిస్టు, మసాజ్ మీద వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట పోసి 2011లో తూచాడు. కార్టిసాల్ తగ్గుదల చాలా కొంచెమే, ఉన్నా లేనట్టే అన్నాడు. హార్మోను కథ అంతగా నిలవలేదు.

ఆయన: ఆ మోయరే 2004లో ఏమన్నాడో కూడా చెప్పు.

తమ్ముడు: చెబుతాను, మీకంటే ముందే చదివాను. వరసగా కొన్నాళ్ళు మసాజ్ చేయించుకుంటే ఆందోళన, దిగులు తగ్గడం మానసిక చికిత్స తీసుకున్నంత ఉందన్నాడు. అది ఒప్పుకుంటాను. రసీదు మీద ‘దిగులు తగ్గును, నిద్ర పట్టును’ అని రాయమనండి, నేనే పన్నెండు సిట్టింగులకీ డబ్బు కడతాను.

ఆయన: ఆ మాట రాస్తే ఎవడొస్తాడోయ్!

అంతలో పెరట్లోంచి పిల్ల ఏడుపు ఆగి, సుఖంగా ఒక మూలుగు వినిపించింది. మా అమ్మాయి తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. తమ్ముడు గిన్నెలో నూనె వాసన చూశాడు.

తమ్ముడు: మామ్మా, ఇదేం నూనె?

మామ్మ: కొబ్బరినూనె బాబూ. మాడుకి మట్టుకు ఆముదం.

తమ్ముడు: ముక్కులో, చెవిలో పోయట్లేదు కదా? రొమ్ములు పిండట్లేదు కదా?

మామ్మ: ఎప్పుడో మానేశానయ్యా. ఆ పెద్దాసుపత్రిలో నర్సమ్మ తిట్టింది.

తిట్టినావిడ చల్లగా ఉండాలి. పుట్టిన పిల్లల రొమ్ముల్లో ఊరే పాలు వాటంతట అవే ఇంకిపోతాయి. పిండితే చీము పడుతుంది. ఆ చీము స్లైడులు తమ్ముడు చూశాడు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చే న్యుమోనియా వేరే.

ఆయన: మరి ఈ నూనె మర్దన కూడా దండగే అంటావా?

తమ్ముడు: ఇక్కడే నేను మీ వైపు. మీరు రాపపోర్ట్‌ని తెచ్చారు గానీ, తేవలసింది ఢాకా పిల్లల ఆసుపత్రిని. గ్యారీ డార్మ్‌స్టాట్ అనే డాక్టరు, అక్కడి డాక్టర్లూ కలిసి 33 వారాలకో, ఇంకా ముందో పుట్టిన పిల్లలు 497 మంది మీద చూశారు. కొందరికి పొద్దుతిరుగుడు నూనె, కొందరికి ఒక లేపనం, కొందరికి ఏమీ లేదు. రోజుకి మూడుసార్లు మెత్తగా రాయడం. నూనె రాసిన పిల్లలకి ఆసుపత్రిలో పట్టే ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. 2005లో లాన్సెట్‌లో వచ్చింది. తర్వాత చావుల లెక్క చూస్తే, అవీ 26 శాతం తగ్గాయి.

ఆయన: అబ్బో! మరి ఇంతసేపూ ఏం తగువు పడ్డావోయ్?

తమ్ముడు: ఎందుకు తగ్గాయో చూడండి. తెల్లకణాలు పెరిగి కాదు. నెలలు నిండని పిల్ల చర్మం తడి కాగితం, క్రిమి తిన్నగా రక్తంలోకి దిగిపోతుంది. ఆ నూనెలో లినోలిక్ ఆమ్లం ఉంది, చర్మం తన గోడ కట్టుకోవడానికి అదే సున్నం. లోపల సైన్యం అంతే ఉంది, బయట ప్రహరీ లేచింది. రుద్దుడుకి కాదు ఆ గొప్ప, పూతకి. ఏ నూనె పడితే ఆ నూనె పనికిరాదు. ఆవనూనె చర్మం గోడని పాడుచేస్తుందని ఎలుకల మీద వాళ్ళే చూశారు. ప్రతిచోటా పనిచేయదు కూడా. అమెరికాలో కిలో లోపు పిల్లలకి లేపనం రాస్తే, మరీ చిన్న పిల్లల్లో ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఢాకా వార్డు వేరు, అక్కడి ఇంక్యుబేటర్లు వేరు.

మామ్మ ఇవేమీ వినలేదు. పిల్ల పిక్కల్ని బొటనవేళ్ళతో కిందికి జార్చి, అరికాలు మీద ఒక్క చుట్టు చుట్టి వదిలింది. చేతులు కడుక్కోమని తమ్ముడు ముందే చెప్పాడు, ఆవిడ మోచేతుల దాకా కడుక్కుంది. గోళ్ళు పొట్టిగానే ఉన్నాయి. ఆవిడ భుజం పట్టేసి ఏడాదైంది. నీళ్ళ చెంబు ఎడంచేత్తోనే ఎత్తుతుంది. ఆ భుజం ఎవరైనా పట్టారా అని మేం ముగ్గురం ఒక్కసారీ అడగలేదు. ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.

ఆయన రసీదు ఊడదీసి, కళ్ళజోడు పెట్టుకుని వెనక వైపు చదివారు. డబ్బు వాపసు ఇవ్వరట. వారానికి రెండు కాస్తా ఒకటిగా మార్చుకోవచ్చా అని సెంటరుకి ఫోన్ చేశారు. మార్చుకోవచ్చట, కానీ ప్యాకేజీ గడువు మాత్రం ఆరు వారాలే.

తమ్ముడు: అంటే ఆరు సిట్టింగులు గోదాట్లో.

ఆయన: ఆ ఆరూ నీ పేరు మీద రాయించనా? నీ మెడ అరిగిందిగా.

తమ్ముడు: ఇమ్యూనిటీకైతే రాను. మెడకైతే ఆలోచిస్తాను.

గొప్ప ఒప్పందమే కుదిరింది. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, కాస్త మొహమాటంగా అడిగారు.

“మనింట్లో పొద్దుతిరుగుడు నూనె ఏమైనా ఉందా?”

“ఉంది, మూకుట్లో. మూడు వాయిలు గారెలు దిగాక చల్లార్చి ఇస్తాను, రాసుకుందురు గాని.”